ఆరు తీగలపై ఓ కన్నీటి చుక్క

వంతెన మీద జనం. యుద్ధానికి భయపడి ఊళ్లొదిలి పోతున్నారు. చేయి జారిన కుక్కపిల్ల కోసం ఐదేళ్ల పాప పరుగు తీసింది. ఆమె వెనకే అమ్మా నాన్నా. అంతలోనే విమానాల కాల్పులు... పాప ఒంటరిదైపోయింది.

ఇలాంటి కథకు సంగీతమంటే వయొలిన్ల హోరు ఉండాలనుకుంటాం. కానీ 1952 నాటి ఫ్రెంచి సినిమా 'ఫర్బిడెన్ గేమ్స్'లో వినిపించేది ఒకే ఒక్క గిటార్! రెనె క్లెమెంట్ తీసిన ఈ చిత్రం ఆ ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ గెలుచుకుంది. గిటార్ వాయించిన నార్సిసో యెపెస్ 1927లో స్పెయిన్‌లోని లోర్కాలో పుట్టాడు. అంటే అప్పటికి పాతికేళ్లయినా నిండని కుర్రాడే. ఆ సినిమాతో ఆయన పేరు దేశదేశాలకూ పాకింది.

అందులోని ప్రధాన బాణీ పేరు 'రొమాన్స్'. తమాషా ఏమిటంటే, దాన్ని ఎవరు కట్టారో కచ్చితంగా తేలలేదు. చిన్నప్పుడు తానే కట్టానని యెపెస్ చెప్పేవాడు. కానీ 1941లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'బ్లడ్ అండ్ శాండ్'లోనూ అది వినిపిస్తుంది. అందుకే చాలా స్వరలిపి పుస్తకాల్లో కర్త పేరు దగ్గర 'అజ్ఞాత' అనే ఉంటుంది.

గిటార్ పట్టిన ప్రతి పిల్లాడూ ఏదో ఒకరోజు ఈ బాణీ దగ్గరికి వస్తాడు. కారణముంది. దీనికి ప్లెక్ట్రమ్ అక్కర్లేదు, వేళ్లు చాలు. కుడిచేతి బొటనవేలు లావు తీగను మీటుతుంది. ఉంగరపు వేలు మొదటి తీగపై, మధ్యవేలు రెండోదానిపై, చూపుడువేలు మూడోదానిపై వరసగా కదులుతాయి. ఒక్కో తాళానికి మూడు స్వరాలు. మొదట్లో ఎడమచేతి వేలొకటి ఏడో మెట్టు మీద ఉంటే చాలు. మిగతా తీగలు ఖాళీగానే మోగుతాయి. 'ఇంతేనా!' అనిపిస్తుంది.

అసలు పరీక్ష అక్కడే. పాట నడిచేది ఉంగరపు వేలి మీద. అది అయిదింటిలో బలహీనమైన వేళ్లలో ఒకటి! మూడు వేళ్లూ ఒకే బలంతో మీటితే వినేవారికి గలగలే తప్ప పాట దొరకదు. అందుకే ముందు ఉంగరపు వేలితో బాణీ ఒక్కటే మీటాలి. అది నోటితో పాడుకున్నట్టు పలికాక మిగతా వేళ్లను మెల్లగా, దానికంటే తక్కువ గొంతుతో కలపాలి.

రెండో భాగంలో దిగులుగా సాగే ఇ-మైనర్ కాస్తా ఇ-మేజర్‌గా మారుతుంది. మబ్బు విడిచి ఎండ వచ్చినట్టుంటుంది. ఎడమచేతికి కష్టం కూడా అక్కడే... చూపుడువేలు తీగలన్నిటినీ అదిమిపట్టాలి, చిటికెనవేలు దూరంగా సాగాలి. కష్టమైన చోట నెమ్మదించి, తేలికైన చోట పరుగెత్తితే బాణీ విరిగిపోతుంది. కష్టమైన చోటు ఏ వేగంతో వస్తుందో, ఆ వేగంతోనే మొదలుపెట్టడం మంచిది. చివరికి బాణీ మళ్లీ పాత దిగులుకే చేరుతుంది.

సినిమా చివర్లో ఆ పాప రైల్వే స్టేషన్ జనంలో తనవాళ్లను పిలుస్తూ కలిసిపోతుంది. ఆ దృశ్యం ఒకసారి చూసినవారు ఈ బాణీని గబగబా వాయించలేరు. వేళ్లకు వేగం నేర్పేది సాధన. ఎక్కడ ఆగాలో నేర్పేది మాత్రం ఆ పాప ముఖమే!