నరం ఒక్కటే, అర్థాలు మూడు

సూదిమందు ఎక్కించే నర్సమ్మ "నరం దొరకడం లేదు" అంటే అది సిర. "నరాల బలహీనత" అన్నప్పుడు స్పర్శను మోసే తంతువు. "నరం పట్టేసింది" అంటే కండరమో, స్నాయువో. ఇక 'నాడి' సంగతి సరేసరి. వైద్యుడు ముంజేతి దగ్గర పట్టి చూసే నాడి ధమని కొట్టుకోవడం. పాఠ్యపుస్తకంలోని నాడీమండలం వేరు.

తెలుగు పండితుని చాదస్తమని నవ్వుకునేరు! ఈ అర్థవ్యాకులత నిఘంటువులో ఉన్నంతవరకు ఫరవాలేదు. అది కాళ్ళ మీదికి వస్తున్నదనే నా బాధ.

నడుస్తుంటే పిక్క పట్టేసి, నాలుగు నిమిషాలు నిలబడితే సర్దుకొనే నొప్పిని 1858లోనే ఫ్రెంచి వైద్యుడు షార్కో రోగులలో వర్ణించాడు. కాలి ధమని పూడుకుపోతున్నదనడానికి అది ముఖ్యమైన గుర్తు. పొగతాగేవారికి, మధుమేహులకు ఈ ముప్పు ఎక్కువ. నరానికీ నెత్తురే ఆహారం. అది అందకపోతే పాదం మొద్దుబారుతుంది, మండుతుంది. ఒక్కొక్కప్పుడు పైకి లేవక ఈడ్చుకుపోతుంది. రోగి "నరాల జబ్బు" అంటాడు. మందుల దుకాణంవాడు విటమిను బిళ్ళలిస్తాడు. కాలువకు అడ్డుపడితే, వాడిన ఆకుల మీద నీళ్ళు చిలకరించినట్లు!

తిమ్మిరులన్నిటికీ ధమనే కారణమని నేననను. బి12 లోపం, మధుమేహం నేరుగా నరాలనే దెబ్బతీయగలవు. అందుకే తేల్చుకోవాలి. పాదం మీద, చీలమండ వెనుక నాడి అందుతున్నదా అని వైద్యుడు వేళ్ళతో చూడగలడు. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించగా 0.9, అంతకు తక్కువ వస్తే ధమని ఇరుకైనట్లే. కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, స్పర్శ తప్పితే మాత్రం తెల్లవారేదాకా ఆగరాదు. చర్మం చెడకముందే నరం చెడుతుంది. వ్యవధి కొద్ది గంటలే.

మరి పామరులందరూ 'ధమని' అనాలా? అక్కరలేదు. "గుండెలో బ్లాకులు" అనే మాట నేడు పల్లెల్లోనూ తెలుసు. "కాలిలో బ్లాకు" అందాం. ఆంగ్లపదాన్ని పండితుడు సిఫారసు చేయడమా అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. కాలిని కాపాడే పరభాషాపదం, కాలిని పోగొట్టే అచ్చతెనుగు మాటకంటె నాకు ఆప్తమే. ఇక వైద్యవిషయాలు తెలుగులో వ్రాసే మనబోటివాళ్ళం 'నరం' అని వ్రాసిన ప్రతిచోటా ఏ నరమో చెప్పి తీరాలి.