మొరాయించింది యంత్రం, మోసేది విద్యార్థి

పరీక్షకు ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు మూసేస్తారు. కాళ్లావేళ్లా పడ్డా లోపలికి రానివ్వరు. నిబంధన అంటే నిబంధనే అంటారు. మరి అదే గేటు లోపల సర్వర్ గంట ఆలస్యంగా మేలుకుంటే? రాస్తున్న కంప్యూటర్ నడిమిట్ల ఆగిపోతే? దానికి వాళ్లు పెట్టిన పేరు 'సాంకేతిక లోపం'. విద్యార్థి ఆలస్యానికి శిక్ష ఉంది. యంత్రం ఆలస్యానికి సంజాయిషీ కూడా లేదు. ఎంబీఏ ప్రవేశ పరీక్షలు కాగితం దిగి కంప్యూటర్ ఎక్కినప్పటి నుంచి మన పిల్లలు పడుతున్న గోస అంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

ఈ గోస మొదలైన రోజు దేశానికి గుర్తుండాలి. 2009 నవంబర్ 28. ఐఐఎంలలో ప్రవేశానికి జరిగే క్యాట్ పరీక్షను ఆ రోజు మొదటిసారి కంప్యూటర్ మీద పెట్టారు. దేశంలోని 32 నగరాల్లో, వందకు పైగా కేంద్రాల్లో, సుమారు 2.4 లక్షల మంది పది రోజుల పాటు వంతుల వారీగా రాయాలి. నిర్వహణను అమెరికా కంపెనీ ప్రోమెట్రిక్‌కు అప్పగించారు. ఐదేండ్ల ఒప్పందం విలువ నాలుగు కోట్ల డాలర్లని అప్పుడు పత్రికలు రాశాయి. తొలిరోజే అనేక ల్యాబుల్లో కంప్యూటర్లు మొరాయించాయి. కొందరికి తెర తెరుచుకోలేదు, కొందరికి సగంలో ఆగిపోయింది. ఏడాది పాటు కోచింగ్ తీసుకుని, రాత్రి బస్సెక్కి వచ్చిన పిల్లలను 'మళ్లీ తేదీ చెప్తాం, పోండి' అని పంపించారు.

కారణం ఏమిటంటే వైరస్ అన్నారు. కాన్ఫికర్, నిమ్డా అని రెండు పేర్లు చెప్పారు. నిమ్డా బయటపడింది 2001లో. కాన్ఫికర్ బయటపడింది 2008 నవంబర్‌లో. అది చొరబడే కంతను పూడ్చే మందును మైక్రోసాఫ్ట్ అంతకు ముందు నెలలోనే ఇచ్చింది. అంటే ఎనిమిదేండ్ల కిందటి రోగం ఒకటి, ఏడాది ముందే మందు దొరికిన రోగం మరొకటి. వైరస్ అనంగానే అదేదో వడగండ్ల వాన లెక్క పైనుంచి పడ్డదని మనం అనుకోవాలా? పరీక్షకు ముందు ప్రతి కంప్యూటర్‌ను పరీక్షించి ఉంటే ఆ మాట వచ్చేదే కాదు. కంపెనీకి కోట్లు ఇచ్చింది ఆ పని చేయడానికే కదా.

కాగితం రోజుల్లో తప్పులు జరగలేదని ఎవరూ అనరు. 2003 నవంబర్‌లో క్యాట్ ప్రశ్నపత్రమే బయటికి పొక్కింది. అప్పుడేం చేశారు? పరీక్ష రద్దు చేసి 2004 ఫిబ్రవరిలో అందరికీ మళ్లీ పెట్టారు. ఇబ్బందే, కానీ అందరికీ సమానమైన ఇబ్బంది. 2009లో అట్లా కాలేదు. 2010 జనవరి 30, 31 తేదీల్లో మళ్లీ పరీక్ష పెట్టారు గానీ, అది నష్టపోయినట్టు వాళ్లు లెక్కగట్టిన వాళ్లకు మాత్రమే. ఎవరు నష్టపోయారో తేల్చేది ఎవరు? పరీక్ష నడిపిన వాళ్లే. తప్పు చేసిన చేతిలోనే త్రాసు పెట్టారు. తెర పది నిమిషాలు ఆగి మళ్లీ వచ్చిన పిల్లవాడు ఆ పది నిమిషాలను రుజువు చేసేదెట్లా? కాగితం చినిగితే ఇన్విజిలేటర్‌కు చూపొచ్చు. ఆగిపోయిన తెరను ఎవరికి చూపాలి? అంతకు మించి, ప్రశ్నల గురించి బయట మాట్లాడనని ఆ పిల్లలతో ముందే ఒప్పించుకున్నారు. నోరు కట్టేసి, ఏమైనా అన్యాయం జరిగిందా అని అడిగినట్టుంది.

ఇంకో ముడి ఉంది. అందరూ ఒకే పూట రాస్తే ఒకటే పేపరు. పది రోజులు రాస్తే పూటకో పేపరు. ఒకరికి తేలిక, ఒకరికి కష్టం. ఈ తేడాను సరిచేయడానికి 'నార్మలైజేషన్' అని ఒక లెక్క చేస్తారు. లెక్క అవసరమే, కాదనం. కానీ దానితో విద్యార్థి మార్కు అతని చేతుల్లోంచి జారిపోయింది. నాకు 40 జవాబులు సరైనవి అని తెలిసినా, నా ర్యాంకు ఎంతో నాకు తెలియదు. పక్క పూట రాసిన వాళ్ల మీద అది ఆధారపడుతుంది. అంతు చిక్కని లెక్క మీద నమ్మకం ఎట్లా కుదురుతుంది? ఒక్క మార్కుతో సీటు, సీటుతో కొలువు తారుమారయ్యే చోట 'మమ్మల్ని నమ్మండి' అంటే సరిపోదు.

అడిగితే మార్పు రాదా? వచ్చింది. 2010 నుంచి 2013 దాకా ఇరవై రోజులకు పైగా సాగదీసిన క్యాట్‌ను 2014లో రెండు రోజులకు కుదించారు. నిర్వహణ టీసీఎస్‌కు మారింది. 2015లో ఒకే రోజు, రెండు పూటలు. ఇటీవలి ఏండ్లలో విద్యార్థి తన జవాబులను, 'కీ'ని చూసుకుని అభ్యంతరం చెప్పే వీలు కూడా వచ్చింది. అంటే మొదట్లో 'సాధ్యం కాదు' అన్నవన్నీ సాధ్యమైనవే. విద్యార్థుల గొంతు లేచాకే సాధ్యమయ్యాయి.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. ఐఐఎంల క్యాట్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. పల్లె నుంచి, సర్కారు డిగ్రీ కాలేజీ నుంచి వచ్చే మన పిల్లల్లో ఎక్కువ మందికి ఎంబీఏ, ఎంసీఏ తొవ్వ ఐసెట్. 2016లో ఎంసెట్-2 పేపరు లీకై రద్దయింది. ఆ దెబ్బ తర్వాత 2018లో ఎంసెట్, ఐసెట్ రెండూ కంప్యూటర్ మీదికి పోయాయి. లీకు ఆపాలన్న ఉద్దేశం మంచిదే. కానీ 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు 45 సెకండ్లు. అందులో మౌస్ ఆగినా, పట్టిక చూడటానికి తెర కిందికి పైకి జరిపినా పోయే సెకండ్లు ఎవరివి?

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న నగరం పిల్లకు అదొక లెక్క కాదు. కాలేజీలో ల్యాబు ఉన్నా తాళం తీయని చోట చదివిన పిల్లకు పరీక్ష రోజే మొదటి ప్రాక్టీసు. పట్టికలోని అంకెల కింద గీత గీసి, పేపరు మీదే లెక్క చేసే అలవాటు ఆమెది. తెర మీద గీత గీయలేదు. ప్రతి అంకెనూ రఫ్ కాగితం మీదికి దించుకోవాలి. ఆమెకు తెలివి తక్కువ కాదు, అలవాటు తక్కువ. పరీక్ష కొలవాల్సింది తెలివినా, అలవాటునా? కేంద్రం ఊరికి దూరమైతే మబ్బుల లేచి, రెండు బస్సులు మారి, ఆ ఒక్క నిమిషం నిబంధనకు భయపడుతూ ఉరకాలి. అక్కడికి పోయాక సర్వర్ రాలేదని కూర్చోబెడతారు.

కంప్యూటర్ పెడితే అన్నీ భద్రం అనే మాట కూడా నమ్మేది కాదు. 2023 మార్చిలో టీఎస్‌పీఎస్సీ కార్యాలయంలో కంప్యూటర్‌లో దాచిన ప్రశ్నపత్రాలే బయటికి పోయాయి. 2022 అక్టోబర్‌లో లక్షల మంది రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. పేపరు కాగితం మీద ఉన్నా, కంప్యూటర్‌లో ఉన్నా కాపలా మనిషే కాయాలి. జవాబుదారీ మనిషే కావాలి.

కంప్యూటర్ వద్దని మనం అనడం లేదు. మన పిల్లలు కంప్యూటర్ ముందు ఎవరికీ తీసిపోరు. మనం అడుగుతున్నది న్యాయం. యంత్రం ఆగిన సమయం నిమిషాలతో సహా నమోదు కావాలి, ఆ కాగితం విద్యార్థి చేతికి రావాలి. ఆగినంత సమయం అక్కడికక్కడే కలపాలి. కలపలేకపోతే మళ్లీ పరీక్ష దయాభిక్షగా కాక హక్కుగా ఉండాలి. నార్మలైజేషన్ లెక్కను డిగ్రీ విద్యార్థికి అర్థమయ్యేటట్టు తెలుగులో, ఉర్దూలో ఒక ఉదాహరణతో ప్రకటించాలి. అసలు మార్కులు, సరిచేసిన మార్కులు రెండూ చూపాలి. ప్రతి సర్కారు డిగ్రీ కాలేజీ ల్యాబును పరీక్షకు నెల ముందు నుంచి సాయంత్రాలు తెరిచి ప్రాక్టీసు పెట్టాలి. లోపం జరిగితే కాంట్రాక్టు కంపెనీకి జరిమానా పడాలి, ఆ జరిమానా నష్టపోయిన పిల్లల ఫీజుకు, దారి ఖర్చులకు పోవాలి.

ఇందులో ఒక్కటి కూడా గొంతెమ్మ కోరిక కాదు. ల్యాబుల్లో డ్యూటీ చేసే అధ్యాపకులారా, ఉద్యోగులారా, తెర ఆగినప్పుడు ముందుగా చూసేది మీరే. ఆ నిమిషాలు రాసిపెట్టండి. విద్యార్థులారా, లోపం జరిగితే ఏడ్చి ఇంటికి పోకండి. అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు అడగండి. ఒక్కరు అడిగితే 'సాంకేతిక లోపం' అంటారు. వంద మంది అడిగితే జవాబు చెప్తారు.

ఒక్క నిమిషం విలువ మాకు నేర్పింది మీరే. ఇప్పుడు మా నిమిషాల లెక్క మీరు చెప్పాలి.