రంగుల వాకిలికి మంచు పరీక్ష

అమెరికాలోనో కెనడాలోనో పిల్లలు కొత్తిల్లు కొన్నారనగానే మనకు ముందుగా వచ్చేవి ఫొటోలు. వంటిల్లు, పడగ్గదులు అయ్యాక ఇంటిముందు కారు నిలిపే డ్రైవ్‌వే, వెనక పెరట్లో కుర్చీలు వేసుకునే పాటియో. ఆ రెండూ చూసి చాలామంది అమ్మలు అడిగే ప్రశ్న ఒకటుంది... ‘అక్కడా నాపరాళ్లు దొరుకుతాయేమిట్రా?’ అని. దొరక్కేం, దొరుకుతాయి. కానీ ఫొటోలో ఉన్నది చాలాసార్లు రాయి కాదు. ఉత్త కాంక్రీటు. రంగు కలిపి, పచ్చిగా ఉండగానే అచ్చు గుద్ది, రాయిలాగో ఇటుకలాగో చెక్కపలకలాగో భ్రమింపజేసిన కాంక్రీటు. స్టాంప్డ్ కాంక్రీటు అంటారు.

ఈ విద్యకు మూలపురుషుడు బ్రాడ్ బౌమన్. కాలిఫోర్నియాలోని మాంటెరే ప్రాంతపు కాంట్రాక్టరు. 1950లలో లోహపు అచ్చులు చేయించి, పోసిన కాంక్రీటు మీద నొక్కడం మొదలుపెట్టాడు. తర్వాత్తర్వాత లోహం పోయి రబ్బరులా వంగే మ్యాట్లు వచ్చాయి. నిజమైన రాతి మీద అచ్చుతీసిన మ్యాట్లు కావడంతో రాతి గరుకు, పగులు, అంచు విరుగు అన్నీ కాంక్రీటు మీద దిగిపోతాయి. రంగంటారా... అది మనకు కొత్తేం కాదు. తాతల నాటి ఇళ్లలో కాళ్లకు చల్లగా తగిలే ఎర్రగచ్చు గుర్తుందా? ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. మిషిగన్‌లో పాటియోకి వేసే ఎరుపు, పసుపు, గోధుమ రంగుల్లోనూ ఎక్కువగా ఉండేది ఆ ఐరన్ ఆక్సైడే. ఎండకు వెలిసిపోదు కాబట్టి అక్కడా ఇక్కడా దాన్నే నమ్ముకున్నారు.

చిక్కల్లా ఎక్కడంటే, ఈ ముచ్చట పుట్టింది మంచు ముఖం చూడని సముద్రతీరంలో. అక్కడినుంచి మినియాపోలిస్‌కో డెట్రాయిట్‌కో టొరంటోకో వెళ్లేసరికి పరీక్ష మారిపోతుంది. మొదటి చలికాలం దాటగానే వాకిలి మీద పెంకులు పెంకులుగా లేచిపోయి లోపలి కంకర పళ్లికిలించడం చూసి లబోదిబోమనే ఇళ్లవాళ్లు అక్కడ కొత్తకాదు. మామూలు బూడిదరంగు కాంక్రీటు పెచ్చులూడితే మీద మరో పొర వేసి సరిపెట్టుకోవచ్చు. రంగు వేసి, అచ్చు గుద్దినదానికి అతుకు వేస్తే మాత్రం కొత్తచీరకు పాతగుడ్డ మాసికే. పాత రంగుతో కొత్త రంగు ఎప్పటికీ కలవదు. అందుకే మామూలు కాంక్రీటుకన్నా దీనికి జాగ్రత్త ఎక్కువ కావాలి, డబ్బు కూడా ఎక్కువే పెడతారు కనుక!

అసలు మంచు కాంక్రీటును ఏం చేస్తుంది? గాజుసీసా నిండా నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోయినవాళ్లకు జవాబు తెలుసు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీటు చూడటానికి బండలా ఉన్నా లోపలంతా సన్నసన్నటి రంధ్రాలే. వాటిలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి తోస్తుంది, పగలు కరిగి మరికాస్త నీటికి చోటిస్తుంది, మళ్లీ రాత్రి తోస్తుంది. అంటే ఎంత చలి అన్నదానికన్నా, సున్నా డిగ్రీల గీతను ఎన్నిసార్లు ఇటూ అటూ దాటిందన్నదే లెక్క.

దీనికి మందు దొరికిన తీరు తమాషాగా ఉంటుంది. 1930లలో న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని రోడ్లు చలికి ముక్కలవుతుంటే, పక్కనే మరికొన్ని చెక్కుచెదరకుండా ఉన్నాయట. కారణం వెతుకుతూ పోతే తేలింది... గట్టిగా నిలిచిన రోడ్లకు వాడిన సిమెంటును ఫ్యాక్టరీలో పొడి చేసేటప్పుడు మర సులువుగా తిరగడానికి పశువుల కొవ్వు కలిపారు. ఆ కొవ్వు సబ్బులా పనిచేసి కాంక్రీటు నిండా కంటికి ఆనని గాలిబుడగలు పుట్టించింది. గడ్డకట్టే నీరు తోసుకొచ్చినప్పుడు ఆ బుడగలు కాస్త చోటిచ్చి ఒత్తిడి తగ్గించాయి. అంతే! అప్పటినుంచి చలిదేశాల్లో ఆరుబయట వేసే కాంక్రీటులో కావాలనే నురగ రప్పించే రసాయనం కలుపుతున్నారు. దాన్ని ఎయిర్ ఎంట్రెయిన్‌మెంట్ అంటారు. మొత్తంలో సుమారు 6 శాతం గాలి ఉండాలి. బుడగకూ బుడగకూ మధ్య దూరం మిల్లీమీటరులో అయిదోవంతు మించకూడదు. మనదేశంలోనూ గడ్డకట్టే చలి తగిలే కాంక్రీటుకు ఐఎస్ 456 ప్రమాణం ఈ బుడగలనే సిఫారసు చేస్తుంది. లడఖ్ ఉందిగా మరి.

కాబట్టి పిల్లలు ‘నాన్నా, స్టాంప్డ్ వేయిద్దామనుకుంటున్నాం’ అంటే, ఏ రంగు, ఏ డిజైను అని అడిగేముందు గాలెంత అని అడగండి. వినడానికి వింతగా ఉంటుంది, కానీ అడగాల్సింది అదే. రెడీమిక్స్ లారీతోపాటు వచ్చే చీటీని దాచమనండి. చదరపు అంగుళానికి 4,000 నుంచి 4,500 పౌండ్ల బలం, సిమెంటు బరువులో 45 శాతానికి మించని నీరు, ఇందాకటి గాలి... ఈ మూడూ ఆర్డరులో ఉండాలి. ‘కాస్త జారుడుగా ఉంటే అచ్చు బాగా దిగుతుంది’ అని లారీ దగ్గర నీళ్లపైపు అందుకునే మేస్త్రీలు అక్కడా ఉంటారు. జారుడు కావాలంటే దానికి వేరే రసాయనాలున్నాయి. నీళ్లు కాదు.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి మరో మాట. మన తాపీమేస్త్రీ గచ్చు నున్న చేసేటప్పుడు నీళ్లు చిలకరించి తాపీ తిప్పడం చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. మన ఎండల్లో అది చెల్లిపోతుందేమో గానీ మంచుదేశంలో ఆరుబయట అది ప్రాణాంతకం. కాంక్రీటు పోశాక కొంత నీరు దానంతటదే పైకి ఊరుతుంది. అది ఆరకముందే రుద్దినా, పైన నీళ్లు చల్లి రుద్దినా, పై పొర పలచబడి నీరసిస్తుంది. అందులోని గాలిబుడగలూ పోతాయి. మరి మొదట పెచ్చులూడేది పై పొరేగా! అచ్చుపనిలో ఉన్న ఇబ్బంది కూడా ఇదే. తొందరపడితే అచ్చు కూరుకుపోతుంది, ఆలస్యమైతే దిగదు. మధ్యలో ఉన్న కాస్త సమయంలోనే మొత్తం వాకిలి పూర్తి చేయాలి. నలుగురు మనుషులు కావాల్సిన పనికి ఇద్దరితో వచ్చే కాంట్రాక్టరును నేనైతే గేటు దగ్గరే ఆపేస్తాను.

పోసే నెల కూడా ముఖ్యమే. గాలి ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ కంటే పడిపోయే రోజుల్లో కాంక్రీటు పోయాలంటే వెచ్చని నీళ్లు, పైన దుప్పట్లు, రాత్రి కాపలా... చాలా తతంగం. గడ్డకట్టిన నేల మీద అసలే పోయకూడదు. కరిగినప్పుడు నేల కుంగుతుంది, పైనున్నది పగులుతుంది. త్వరగా గట్టిపడాలని కాల్షియం క్లోరైడ్ కలిపితే రంగు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. రంగు కాంక్రీటుకు క్లోరైడ్ లేని మందే వాడాలి. శ్లాబు మీద మట్టితో గట్లు కట్టి వారం రోజులు నీళ్లు నిలబెట్టడం మనకు అలవాటు. అక్కడ రంగు చెడకుండా పైన క్యూరింగ్ ద్రావణం కొడతారు. ఏదైనా ఉద్దేశం ఒకటే, తడి పోకూడదు. వసంతం ముదిరాక మొదలుపెట్టి వేసవి చివరికల్లా ముగిస్తే చలి వచ్చేలోపు కాంక్రీటు గట్టిపడి, ఆరడానికీ వ్యవధి దొరుకుతుంది. అక్టోబరు చివర్లో ‘ఇప్పుడైతే తక్కువకే చేస్తాం’ అన్న మాట వినబడితే, వచ్చే ఏడాదికి చూద్దామనడమే లాభం.

ఇక ఉప్పు. మంచుదేశపు ఇంటివాళ్లకు అది నేస్తమూ శత్రువూ. చాలా ఊళ్లలో ఇంటిముందు నడకబాట మీది మంచును ఇంటివాళ్లే తీయాలి, మున్సిపాలిటీ నిబంధన అది. తీసినా పలచగా మిగిలిన ఐస్ మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు ఐస్‌ను కరిగిస్తుంది, కరిగిన ఉప్పునీరు కాంక్రీటులోకి ఇంకుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. పొర లేచిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? విచిత్రమేమిటంటే చిక్కటి ఉప్పునీటికన్నా 3 శాతం ప్రాంతంలో ఉన్న పలచటి ఉప్పునీరే ఎక్కువ చెడుపు చేస్తుంది. కొత్తగా వేసిన వాకిలి మీద మొదటి చలికాలం ఉప్పు మాటే ఎత్తకూడదు. జారకుండా ఇసుక చల్లుకోవాలి. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఎరువులు కూడా ఐస్‌ను కరిగిస్తాయి గానీ అవి కాంక్రీటునే తినేస్తాయి. పెరటి షెడ్డులో సంచి ఉంది కదా అని తీయొద్దు. మనం చల్లకపోయినా రోడ్డు మీది ఉప్పు కారు చక్రాలకు అంటుకుని వచ్చి డ్రైవ్‌వే మీద బొట్టుబొట్టుగా కారుతుంది. కారు ఆగేచోట ముందుగా పెచ్చులూడటం అందుకే.

ఆ తర్వాతి ఏళ్లలో చల్లాల్సివచ్చినా గంపెడు అక్కర్లేదు. 20 అడుగుల డ్రైవ్‌వేకి ఒక కాఫీ మగ్గెడు ఉప్పు చాలని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ చెబుతుంది. చలి సుమారు మైనస్ 9 డిగ్రీలు దాటితే మామూలు ఉప్పు ఎంత పోసినా పెద్దగా పనిచేయదు. పోసిందంతా చివరికి చేరేది చెరువుల్లోకే. ఒక్క చెంచా ఉప్పు 5 గ్యాలన్ల నీటిని శాశ్వతంగా పాడుచేస్తుందన్నది కూడా ఆ సంస్థ లెక్కే.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది జారుడు. అచ్చు కాంక్రీటు మీద రంగు మెరవడానికి యాక్రిలిక్ సీలర్ పూస్తారు. తడి రాయిలా తళతళలాడుతుంది, ఫొటోకి బ్రహ్మాండం. దానిమీద సన్నగా ఐస్ పరుచుకుంటే? మనవణ్ని చూడ్డానికి డిసెంబరులో వెళ్లిన అమ్మమ్మ చెత్తడబ్బా పెట్టడానికి నాలుగడుగులు వేసి తుంటి విరగ్గొట్టుకుంటే ఆ మెరుపుకి విలువేముంది! మెరుపే కావాలనుకుంటే సీలర్‌లో గరుకుపొడి తప్పకుండా కలిపించాలి. నా మటుకు నాకు నచ్చేది మరో పద్ధతి. నడిచేచోటంతా చీపురు గీతలు పెట్టిన గరుకు కాంక్రీటు, చుట్టూ అంచుకు మాత్రం రంగూ అచ్చూ. చీరకు జరీ అంచులా అందం అందమే, ఖర్చూ తగ్గుతుంది, కాలూ నిలుస్తుంది. కంకర పైకి కనిపించేలా కడిగే ఎక్స్‌పోజ్డ్ అగ్రిగేట్ కూడా కాలికి పట్టునిస్తుంది. మంచు తోసే పార ఇనుపది కాకుండా ప్లాస్టిక్ అంచుదైతే అచ్చు గీతలు పదికాలాలు ఉంటాయి.

ఉప్పూ వద్దు, పారా వద్దు అనుకునేవాళ్లు కాంక్రీటు కిందే వేడినీటి పైపులు పరిపించుకుంటున్నారు. మిషిగన్‌లోని హాలండ్ అనే ఊరైతే 1988 నుంచి తన వీధులకే ఈ ఏర్పాటు చేసుకుంది. విద్యుత్ కేంద్రంలో వృథాగా పోయే వేడితో నీళ్లు కాచి, బజారు నడకబాటల కింద తిప్పుతారు. మంచు పడ్డది పడ్డట్టే కరుగుతుంది. ఇంటికైతే వేయించడమూ నడపడమూ రెండూ భారమే. గుమ్మం మెట్లకు, చక్రాల కుర్చీ వెళ్లే దారికి మాత్రం పెట్టించుకుంటే అర్థముంది.

ఇంటి లోపల మాత్రం కథ పూర్తిగా వేరు. అక్కడ మంచు లేదు, ఉప్పు లేదు, గాలిబుడగలూ అక్కర్లేదు. పైగా గాలి ఎక్కువైతే నున్నగా రుద్దేటప్పుడు పై పొర బొబ్బలెక్కుతుంది. వేడినీటి పైపుల మీద పోసిన రంగు కాంక్రీటు నేల చలిదేశపు ఇంటికి నిజంగా వరం. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో 1937లో హెర్బర్ట్ జేకబ్స్ అనే పాత్రికేయుడికి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిచ్చిన చిన్న ఇంట్లో ఎర్రరంగు కాంక్రీటు నేల, దానికింద వేడి గొట్టాలు. జపాన్‌లో ఒక సంపన్నుడి ఇంట్లోని కొరియా పద్ధతి వెచ్చటి గదిలో కూర్చున్నప్పుడు రైట్‌కి ఆ ఆలోచన తట్టిందట. తన ఫీజుతో కలిపి మొత్తం 5,500 డాలర్లు. విలేకరి జీతంతో కట్టుకున్న ఆ ఇల్లు 2019లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఎర్రగచ్చు మీద పెరిగిన మనవాళ్లకు అక్కడి చలికాలంలో ఆ నేల మీద ఉత్తకాళ్లతో నడిస్తే ఊరు గుర్తొస్తుంది, చల్లగా కాకుండా వెచ్చగా తగలడమొక్కటే తేడా.

ఇప్పటికే వాకిలి వేయించుకున్నవాళ్లు శరదృతువు మొదట్లో ఒక చిన్న పని చేయొచ్చు. పొడిగా ఉన్న రోజున లోటాడు నీళ్లు కాంక్రీటు మీద ఒంపి చూడండి. తామరాకు మీద బొట్లలా నిలిస్తే సీలర్ ఇంకా ఉన్నట్టే. పీల్చుకుని మచ్చ నల్లబడితే అరిగిపోయినట్టు. రెండు మూడేళ్లకొకసారి ఇది మామూలే. శుభ్రంగా కడిగి, బాగా ఆరనిచ్చి, చలి 10 డిగ్రీలకు దిగకముందే మళ్లీ పూయించాలి. తడి మీద పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక పాలవిరుగుడులా తెల్లగా తేలుతుంది. మెరుపు అక్కర్లేని చోట సిలేన్, సిలాక్సేన్ రకం సీలర్లు మేలు. లోపలికి ఇంకిపోతాయి, జారవు.