జాగ్రత్త ఎవరికి? డబ్బు ఎవరికి?

నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో లేసు అల్లే ఒక స్త్రీ 2023లో మొట్టమొదటిసారి దళారీ లేకుండా తన సరుకు తాను అమ్ముకుంది. డిగ్రీ చదువుతున్న కూతురు టేబుల్ క్లాత్‌ని ఫోటో తీసి ఇంటర్నెట్టు వేలంలో పెడితే అమెరికాలో ఎవరో 140 డాలర్లకి పాడారు. తల్లికి పాన్ కార్డు లేదు కాబట్టి డబ్బు మరిది ఎకౌంటుకి వచ్చింది. పార్సిలు పంపారు. నెల తిరిగాక "నాకు అందలేదు" అని కొన్నవాళ్ళు ఫిర్యాదు చేశారు. వీళ్ళ దగ్గర పోస్టాఫీసు రసీదు ఉంది గానీ, పార్సిలు ఎక్కడి దాకా పోయిందో చూపించే ట్రాకింగ్ నంబరు లేదు. చెల్లింపు నడిపిన కంపెనీ ఆ డబ్బుని వెనక్కి తీసేసుకుంది. అప్పటికే అది ఖర్చయిపోవడంతో మరిది పేరు మీద బాకీ తేలింది.

మూడు నెలల అల్లిక పోయింది. డబ్బూ పోయింది. ఇంట్లో మాటలు మిగిలాయి. నేను వెళ్ళినప్పుడు ఆమెతో "కాస్త జాగ్రత్త పడాల్సిందమ్మా" అన్నాను. ఆమె సూది ఆపకుండానే జవాబు చెప్పింది. "అందరూ అదే అంటన్నారండి. అసలా డబ్బు నా చేతికొస్తే గదండీ నేను జాగర్త పడటానికి!"

దాదాపు ఇరవయ్యేళ్ళుగా స్త్రీల శ్రమ మీద పరిశోధన చేస్తున్న నాకు ఆ మాట ముందే తట్టకపోవడం సిగ్గుచేటు. విదేశాల నుంచి డబ్బు క్షేమంగా అందుకోవడం ఎలా అని మనం శిక్షణ తరగతుల్లో చెప్పే సలహాలన్నీ ఎవరిని ఉద్దేశించినవి? సొంత ఎకౌంటు, సొంత ఫోను, ఇంగ్లీషు, తీరిక ఉన్న మనిషిని. ఆ మనిషి మన ఊళ్ళలో సాధారణంగా మగవాడు. ప్రమాదం ఆమెది, పాస్‌వర్డు అతనిది, నింద మళ్ళీ ఆమెదే.

ఇది కొత్త కథేమీ కాదు. మరియా మీస్ 1970ల చివర్లో ఇదే నరసాపురం ప్రాంతంలో అధ్యయనం చేసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్టు కోసం పనిచేస్తున్న ఆడవాళ్ళని "ఖాళీగా ఉన్న గృహిణులు" అని పిలవడం వల్లనే వాళ్ళ కూలి అంత తక్కువగా ఉండగలిగిందని ఆమె చూపించారు. అల్లేది ఆడవాళ్ళు, ఎగుమతి చేసేది మగవాళ్ళు. ఇంటర్నెట్టు వచ్చి దళారీని తీసేస్తుందని మనం సంబరపడ్డాం. బయటి దళారీ పోయాడేమో గానీ, ఎకౌంటు రూపంలో ఇంటి దళారీ వచ్చాడు.

ఇక డబ్బు వెనక్కి పోవడం సంగతి. కార్డుతో చెల్లించిన వ్యక్తి బ్యాంకుకి ఫిర్యాదు చేసి ఆ చెల్లింపుని రద్దు చేయించుకోవడాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. అమెరికాలో క్రెడిట్ కార్డు వాడేవాళ్ళకి, సరుకు అందకపోతే బిల్లు మీద పేచీ పెట్టే హక్కు 1974 చట్టంతో వచ్చింది. ఆ హక్కుని నేను తప్పు పట్టడం లేదు. మోసపోయే కొనుగోలుదారులూ ఉంటారు. కానీ కొనేవాళ్ళకి చట్టం ఉంటే, మన లేసు పనివాళ్ళకి ఉన్నది ఇంగ్లీషులో రాసిన కంపెనీ నిబంధనలు మాత్రమే. ఉదాహరణకి, పేపాల్ నిబంధనల్లో కొన్నవాళ్ళు 180 రోజుల దాకా పేచీ పెట్టొచ్చు. అమ్మినవాళ్ళకి రక్షణ కావాలంటే లావాదేవీలో ఉన్న అడ్రసుకే సరుకు పంపాలి, అందినట్టు రుజువు చూపాలి. 750 డాలర్లు, ఆ పైన అయితే తీసుకున్నవాళ్ళ సంతకం కూడా ఉండాలి. "మా చెల్లెలి అడ్రసుకి పంపండి" అని కొన్నవాళ్ళు మర్యాదగా అడిగితే, మర్యాదగానే కాదనాలి. ఈ సంగతులు ఆమెకి తెలుగులో ఎవరు చెప్పారు?

చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. "డబ్బు పంపేశాం, ట్రాకింగ్ నంబరు ఇస్తే విడుదలవుతుంది" అని ఈమెయిలు వస్తే నమ్మకూడదు. మన ఎకౌంటు మనమే తెరిచి చూడాలి. ధర కంటే ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, "మిగిలింది మా రవాణా మనిషికి పంపించండి" అంటే అది మోసం. చెక్కు కొన్ని వారాల తరవాత చెల్లదని తేలుతుంది, మనం పంపింది మాత్రం తిరిగి రాదు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎక్కడా కొట్టనక్కర్లేదు, ఓటీపీ ఎవరికీ చెప్పనక్కర్లేదు. వెస్టర్న్ యూనియన్ లాంటి దారిలో మన దేశానికి వచ్చేది కుటుంబాలకి పంపే వ్యక్తిగత సొమ్ము. సరుకు ఖరీదు ఆ దారిలో తీసుకోకూడదు. మోసం జరిగిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చెయ్యాలి.

అయితే వీటిని గోడ మీద అంటించినంత మాత్రాన మన పని అయిపోదు. "ఆవిడకి ఇంగ్లీషు రాదు, మొగుడి ఎకౌంటయితే సులువు" అనే మాట నేను సంస్థల్లోనే ఎక్కువగా విన్నాను. ఎవరికి సులువు? పాన్ కార్డుకీ, ఎగుమతికి తప్పనిసరి అయిన ఐఇసి నంబరుకీ దరఖాస్తు పెట్టించడం రిపోర్టులో పెద్దగా కనబడని పని. అందుకే వదిలేస్తాం. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో అమ్మకం డబ్బంతా సంస్థ ఎకౌంటులోకే వచ్చేది. ఎవరి సరుకు ఎంతకి పోయిందో అల్లినవాళ్ళకి తెలిసేది కాదు. నేనప్పుడు అడగలేదు. దాన్ని నిర్వహణ అన్నాం. అదే పని షావుకారు చేస్తే దోపిడీ అనేవాళ్ళం.

కాబట్టి ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం. ఎకౌంటు, పాన్, ఫోను నంబరు ఆమె పేరున లేకుండా ఒక్క వస్తువుని కూడా వేలంలో పెట్టించకూడదు. సంఘం పేరుతో అమ్మితే ఏ వస్తువు ఎవరు చేశారో, ఎంతకి పోయిందో పుస్తకంలో ఉండాలి. గడువులోగా డబ్బు ఆమె ఎకౌంటుకి చేరాలి. విదేశీ విరాళాల కోసం తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఎకౌంటులో అమ్మకం సొమ్ము కలపకూడదు. వ్యాపారంలో వచ్చే సరుకు ఖరీదు విరాళం కాదు, అది ఆమె శ్రమ. ప్రతి అమ్మకం నుంచి కొంత తీసి సంఘంలో నష్టనిధిగా ఉంచితే, ఒక పార్సిలు పోయినంత మాత్రాన ఒక ఇల్లు కూలదు.

తరవాత బయటివాళ్ళని అడుగుదాం. సరిహద్దు దాటే చెల్లింపులు నడిపే కంపెనీలని నేరుగా తన అదుపు కిందికి తెస్తూ రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఉత్తర్వులిచ్చింది. అంటే అడగటానికి మనకొక చోటుంది. నిబంధనలు తెలుగులో ఇవ్వాలి. పేచీ వచ్చినప్పుడు అమ్మినవాళ్ళ జవాబు తెలుగులో తీసుకోవాలి. డబ్బు వెనక్కి లాక్కునే ముందు ఆమె మాట వినాలి.

ఆ టేబుల్ క్లాత్ ఏ బల్ల మీద ఉందో మనకి తెలీదు. ఆమె మాత్రం ఇంకొకటి అల్లుతోంది. పోయినసారి వెళ్ళినప్పుడు పాన్ కార్డు తీసి చూపించింది. కార్డు మీద ఆమె పేరుంది. ఈసారి డబ్బు ఆ పేరునే రావాలి. అప్పుడు చెబుదాం, జాగ్రత్త అని.