పాత కంప్యూటర్‌ను లేపిన ఫ్లాపీ

తెనాలిలో చిన్న ప్రెస్సు నడిపిన మా మిత్రుడి నాన్నగారు పల్లెల్లో వినిపించే వ్యవసాయ పదాలను ఏళ్ల తరబడి పోగుచేశారు. 1994లో కొన్న 386 కంప్యూటర్ ముందు కూర్చుని అన్నీ తానే టైపు చేసుకున్నారు. ఆయన పోయారు. కాగితాలు చెదల పాలయ్యాయి. మిగిలింది అటక మీది కంప్యూటరే. ఆ మధ్య మిత్రుడు దాన్ని దించి స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది గానీ హార్డ్ డిస్కు లేదు పొమ్మంది తెర.

సగం తప్పు బ్యాటరీది. ఆనాటి యంత్రాలకు హార్డ్ డిస్కు కొలతలు మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ బతికున్నంత వరకే గుర్తుంటాయి. డిస్కు మీది చీటీలో సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల సంఖ్యలు ఉన్నాయి. వాటిని సెటప్‌లో ఎక్కించాక డిస్కు కనిపించింది. అయినా డాస్ లేవలేదు. సిస్టమ్ ఫైళ్లు చెడిపోయాయి. ఇక బూట్ ఫ్లాపీతో బయటి నుంచి లేపాల్సిందే.

మొదట నేనే బోల్తా పడ్డాను. డాస్ ఫైళ్లను ఫ్లాపీలోకి కాపీ చేసి పెడితే, ఇది సిస్టమ్ డిస్కు కాదని కంప్యూటర్ తిప్పికొట్టింది. కారణం తేలికే. ఆన్ చేయగానే యంత్రం ఫైళ్లను వెతకదు. ఫ్లాపీలోని మొట్టమొదటి సెక్టార్‌ను, అంటే 512 బైట్లను మాత్రమే చదువుతుంది. అందులోని బుల్లి ప్రోగ్రామే మిగతా డాస్‌ను లోపలికి పిలుస్తుంది. మామూలు కాపీ ఆ సెక్టార్ జోలికే పోదు.

డాస్ నడిచే మరో యంత్రం ఉంటే 'ఫార్మాట్ ఎ: /ఎస్' అనే ఒక్క ఆదేశంతో పనైపోయేది. అది లేక, 1994లో మొదలై నేటికీ ఉచితంగా దొరుకుతున్న ఫ్రీడాస్‌ను ఆశ్రయించాం. దాని 1.44 ఎంబీ ఫ్లాపీ ఇమేజ్ సరిగ్గా 14,74,560 బైట్లు. దాన్ని ఫైలులా కాపీ చేయకూడదు. మొదటి సెక్టార్‌తో సహా ఉన్నదున్నట్టు డిస్కు మీద రాయాలి. మూడున్నర అంగుళాల ఫ్లాపీకైతే యూఎస్‌బీ డ్రైవ్ చాలు. మీ యంత్రంలో ఉన్నది ఐదుంపావు అంగుళాల డ్రైవ్ మాత్రమే అయితే, ఫ్లాపీ కనెక్టర్ ఉన్న పాత పీసీని మధ్యవర్తిగా వెతుక్కోవాలి.

రెండు ఫ్లాపీలు బూజు పట్టి ఉన్నాయి. మూడోదానితో కంప్యూటర్ లేచింది. హార్డ్ డిస్కులో ఒక్క అక్షరం కూడా రాయకుండా ఫైళ్లను ఖాళీ ఫ్లాపీల్లోకి ఎత్తుకున్నాం. ఈ దశలో డిస్కును బాగుచేద్దామన్న ఆత్రం పనికిరాదు. ముందు సొమ్ము బయటపడాలి.

తెరిచి చూస్తే అంతా గీతలూ గుర్తులే. మిత్రుడు నీరుగారిపోయాడు. కానీ నాన్నగారు వాడింది సీడాక్ వారి జిస్ట్ కార్డు. అది అక్షరాలను ఇస్కీ పద్ధతిలో దాస్తుంది. 1991లో భారతీయ ప్రమాణమైన పద్ధతి అది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాల వరుసకు మూలం కూడా ఇస్కీయే కనుక మార్పిడి పెద్ద కష్టం కాలేదు. గొర్రు, గుంటక, జడ్డిగం ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. మిత్రుడు కాసేపు మాట్లాడలేదు.

మన ఇళ్లలో, ప్రెస్సుల్లో, బడుల్లో ఇలాంటి కంప్యూటర్లు ఇంకా ఎన్ని మూల పడి ఉన్నాయో! ఫ్లాపీల అమ్మకాన్ని సోనీ 2011లోనే జపాన్‌లో ఆపేసింది. ఉన్నవి ఏటా పాడైపోతున్నాయి. వాటితో పని చేసిన చేతులూ తగ్గిపోతున్నాయి. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పాత ఇనుము వాడికి వేసే ముందు ఒక్కసారి లేపి చూడండి. లోపల ఎవరి చేతిరాత ఉందో!