మిడిల్‌వెయిట్ అంటే తక్కువా?

హ్యాంక్ మోబ్లీ పేరు ఎక్కడ కనిపించినా పక్కనే ఒక బిరుదు ఉంటుంది: టెనర్ శాక్సోఫోన్‌లో మిడిల్‌వెయిట్ ఛాంపియన్. లియొనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు మెచ్చుకోలుగానే ఇచ్చాడు. కోల్ట్రేన్‌ది పదునైన ధ్వని, స్టాన్ గెట్జ్‌ది మెత్తటిది, మోబ్లీది ఆ రెండిటి మధ్యలోది అని. కానీ మనం ర్యాంకులు చూసి పెరిగినవాళ్ళం కదా, మధ్య అనగానే రెండో రకం అని చదివేస్తాం. జాజ్ అభిమానులూ అంతే చేశారు.

దీనికి నా జవాబు ‘సోల్ స్టేషన్’. 1960 ఫిబ్రవరి 7న న్యూజెర్సీలో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ఒక్కరోజులో రికార్డ్ చేశారు. మొత్తం నలుగురే: పియానో వింటన్ కెల్లీ, బేస్ పాల్ ఛాంబర్స్, డ్రమ్స్ ఆర్ట్ బ్లేకీ. ఆరు ట్రాకుల్లో నాలుగు మోబ్లీ సొంతవి. ట్రంపెట్ లేదు, కాబట్టి దాక్కోవడానికి చోటు లేదు.

‘దిస్ ఐ డిగ్ ఆఫ్ యూ’ వినండి. ట్యూన్ అవగానే కెల్లీ సోలో అందుకుంటాడు. లీడర్ తన ఆల్బమ్‌లో తన సొంత ట్యూన్‌లో ముందు ఛాన్స్ పియానోకి ఇచ్చాడు! తర్వాత మోబ్లీ వస్తాడు. అరవడు, పరుగెత్తడు. ఒక వాక్యం మొదలుపెట్టి, మనం ఊహించినచోట ఆపకుండా ఇంకో మెలిక తిప్పి, అప్పుడు ముగిస్తాడు. వెనకాల బ్లేకీ ఊరుకునే మనిషి కాదు, ఉరుముతూనే ఉంటాడు. అయినా మోబ్లీ గొంతు పెంచడు. నాకైతే ఇది వేగంగా వాయించడం కన్నా కష్టం అనిపిస్తుంది.

మరుసటి ఏడాది మైల్స్ డేవిస్ బృందంలో చేరాడు. ‘సమ్‌డే మై ప్రిన్స్ విల్ కమ్’లో మోబ్లీ సోలో తర్వాత అతిథిగా కోల్ట్రేన్ వస్తాడు. పోలిక పెట్టడానికి అంతకన్నా ఏం కావాలి, ఇప్పటికీ పెడుతూనే ఉన్నారు. కోల్ట్రేన్ గొప్పే, ఎవరు కాదన్నారు? కానీ ఆ కొలబద్దతో మోబ్లీని కొలిస్తే ఆయన చేసిన పనే కనపడదు. 70ల మధ్యలో ఊపిరితిత్తుల జబ్బుతో వాయించడం మానేశాడు, 1986లో 55 ఏళ్ళకే పోయాడు.

ఇంకో గొడవ. ఇప్పుడీ ఆల్బమ్‌ని ‘స్టడీ మ్యూజిక్’ ప్లేలిస్టుల్లో పడేస్తున్నారు, డిస్టర్బ్ చెయ్యదని. అసైన్‌మెంట్ పక్కన పెట్టి, మంచి ఇయర్‌ఫోన్స్‌తో టైటిల్ ట్రాక్ ఒక్కటి వినండి. తొమ్మిది నిమిషాలే.