టక్ టక్ మోత, 14,600 రూపాయల బిల్లు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఎన్ని అవలక్షణాలున్నా ఒక మంచి అలవాటుంది. బగ్ అని ఎవరైనా వస్తే ముందు "ఏం చేస్తే వస్తోంది?" అని అడుగుతాం. అది తేలకుండా కోడ్ మీద చెయ్యేస్తే టీమ్ లీడ్ ఊరుకోడు. మరి మన కార్ల సర్వీస్ సెంటర్లలో ఈ ఒక్క ప్రశ్న అడిగే నాథుడు ఎందుకు లేడు? ఇదీ నా గోల.

సంగతేంటంటే, మాదో తొమ్మిదేళ్ళ పాత హ్యాచ్‌బ్యాక్. మొన్నామధ్య ముందు ఎడమ వైపు నుంచి టక్ టక్ మని మోత మొదలైంది. కొండాపూర్ నుంచి ఆఫీసు దాకా రేకు డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టే. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళా. అడ్వైజర్ గారు బండి ఎక్కలేదు, నడపలేదు. ఒక పక్క జాకీ పెట్టించి, చక్రం రెండు సార్లు ఊపించి "షాక్ అబ్జార్బర్లు పోయాయి సార్, రెండూ మార్చాలి" అని తేల్చేశారు. మార్చారు. 14,600 కట్టాను. గేటు దాటాక మొదటి గుంతలో... టక్!

మళ్ళీ వెళ్తే "అయితే లోయర్ ఆర్మ్ అయ్యుంటుంది సార్" అన్నారు. అయ్యుంటుందా? మరి షాక్ అబ్జార్బర్లు ఎందుకు మార్చినట్టు? గట్టిగా అడిగితే వచ్చిన జవాబు: "పాత బండి కదా సార్, కొంచెం సౌండ్ మామూలే". హతవిధీ! మామూలే అయితే 14,600 దేనికయ్యా?

చివరికి మియాపూర్‌లో రోడ్డు పక్క షెడ్డు మెకానిక్ అన్న దగ్గర ఆగా. ఆయన బండి కింద దూరకముందే అడిగిన మాట ఇది: "ఒక్క చక్రం గుంతల పడితేనే వస్తదా తమ్మీ, రెండు చక్రాలు ఒక్కసారి ఎక్కితే గూడ వస్తదా?" ఆహా, అదీ ప్రశ్నంటే! పక్కన కూర్చుని నాతో నడిపించాడు. స్పీడ్ బ్రేకర్ మీదకి తిన్నగా ఎక్కిస్తే చప్పుడు లేదు. ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా పోనిస్తే టక్ టక్.

ఇందులో మంత్రమేం లేదు, లాజిక్కే. ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ అడ్డంగా స్టెబిలైజర్ బార్ అని ఒక ఇనప కడ్డీ ఉంటుంది. మలుపుల్లో బండి ఒక పక్కకి ఒరిగిపోకుండా ఆపేది అదే. దాని రెండు కొసల్నీ సస్పెన్షన్‌కి తగిలించేవే లింక్ రాడ్లు. రెండు చక్రాలూ సమానంగా లేస్తే కడ్డీ బుష్షుల్లో తిరుగుతుందే గానీ మెలిపడదు, లింకుల మీద బరువు పడదు. ఒక్క చక్రమే లేస్తే కడ్డీ మెలిపడుతుంది, అరిగిన లింకు టక్ మంటుంది. ఆయన లింకు ఒకటి ఊడదీసి, తీగతో పక్కకి కట్టి, నెమ్మదిగా ఒక రౌండు కొట్టించాడు. మోత మాయం. తర్వాత రెండు లింకుల్నీ చేత్తో ఊపి చూస్తే వదులైంది కుడి వైపుది! నాకు వినపడింది మాత్రం ఎడమ నుంచి. బండి అంతా ఇనుమే కదా, చప్పుడు ఎక్కడ పుట్టి ఎక్కడ తేలుతుందో చెవికి తెలీదు. లింకులు రెండూ, పనీ కలిపి 1,700.

అన్నట్టు, సర్వీస్ సెంటర్‌లో ఎందుకు దొరకలేదో కూడా ఆయనే చెప్పాడు. ఒక పక్కే జాకీ లేపితే కడ్డీ మెలిపడి లింకుని బిగబట్టేస్తుంది, వదులు తెలీదు. రెండు చక్రాలూ నేల మీదో, రెండూ గాల్లోనో ఉండాలి. అంటే వాళ్ళు చేసిన పరీక్షే లోపాన్ని దాచేసింది.

"ఎంతైనా చిన్న చప్పుడేగా, ఇంత రాద్ధాంతమా?" అంటారేమో. ఆగండి. ఇలాంటి టక్ టక్ మోతే అరిగిన బాల్ జాయింట్ నుంచి కూడా రావచ్చు. లింకు విరిగితే మలుపుల్లో బండి ఇంకాస్త ఒరుగుతుంది, అంతే. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, అవుటర్ రింగ్ రోడ్ మీద అదే జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఈ రెంటికీ తేడా కనిపెట్టకుండా "మామూలే" అనడానికి నోరెలా వచ్చింది? నా అభ్యంతరం డబ్బు గురించే కాదు.

"రోజుకి అన్ని బండ్లు, వాళ్ళకి టైమెక్కడిది?" అని ఒక ఫ్రెండు వాదించాడు. తప్పు పార్టు మార్చడానికి సగం రోజు దొరికింది గానీ, పది నిమిషాలు నడిపి చూడటానికి టైము లేదా? అసలు విషయం వేరు. బిల్లులో పార్టుకి ఒక లైనుంది, బిగించినందుకు ఒక లైనుంది, కనుక్కున్నందుకు లైను లేదు. దేనికి డబ్బులొస్తాయో ఆ పనే జరుగుతుంది. ఇందులో మన తప్పూ ఉంది. "చూసినందుకే 500 ఇవ్వాలా?" అని పోట్లాడేది మనమే, ఏ పార్టూ మార్చకుండా డబ్బడిగితే మోసం అనేదీ మనమే. (సర్వర్ రీస్టార్ట్ చేసి టికెట్ మూసేసే మనకి ఇంత నీతులెందుకంటారా? నిజమే, ఆ పాపం నేనూ చేశాను :))

కాబట్టి ఈసారి మోత వస్తే ముందు డిక్కీ ఖాళీ చేసి చూడండి, సగం సార్లు జాకీనో స్పానరో అయ్యుంటుంది. బ్రేకు మీద కొంచెం కాలు ఆనిస్తే మోత ఆగిందా? బ్రేకు ప్యాడ్ల వైపు చూడండి. బండి నిలబెట్టి స్టీరింగు తిప్పితే టక్ మందా? షాక్ అబ్జార్బర్ పైన ఉండే మౌంటు చూపించండి. ఎప్పుడు వస్తోందో కాగితం మీద రాసి, అడ్వైజర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి వినిపించండి. మోత విననివాడి చేత పార్టు మార్పించొద్దు. మార్చిన పాత పార్టు అడిగి తీసుకుని, లోపం ఎక్కడో దాని మీద చూపించమనండి. కనిపెట్టినవాడికి మాత్రం బేరమాడకుండా డబ్బులివ్వండి.

నేను మియాపూర్ అన్నకి 300 ఎక్కువిచ్చా. "ఎందుకు తమ్మీ?" అన్నాడు. అడిగిన ప్రశ్నకి, అన్నా.